అక్క పంపిన హార్మోన్ క్రీము వాడవచ్చా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. నెలసరి ఆగిపోయి 14 నెలలైంది. పాఠం చెబుతూ ఉండగానే ఛాతీ నుంచి ముఖం దాకా ఆవిర్లు కమ్ముకొస్తాయి. జాకెట్టు తడిసిపోతుంది. రాత్రి మూడు నాలుగుసార్లు చెమటలతో మెలకువ వస్తుంది. వేళ్ల కణుపులు, మోకాళ్లు నొప్పులు. యోని పొడిబారి దాంపత్య జీవితం బాధగా మారింది. ‘మేమంతా పడలేదా’ అంటారు మా అత్తగారు. ఒక డాక్టరు కాల్షియం రాసిచ్చారు. ఇంకొకరు హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్నారు. మా పిన్నికి 70 ఏళ్లప్పుడు ఆ జబ్బు వచ్చింది. నాకు బీపీకి ఒక మాత్ర నడుస్తోంది. న్యూజెర్సీలో ఉన్న మా అక్క ‘బయోఐడెంటికల్’ హార్మోన్లు వాడుతోంది. అవి మొక్కల నుంచి తీసినవి, సహజమైనవి, ప్రమాదం లేదంటుంది. తన క్రీము డబ్బా ఒకటి, లాలాజల పరీక్ష కిట్టు ఒకటి పంపింది. వాడవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఆడపడుచుకు 36వ ఏట గర్భసంచి తీసేశారు. ఇప్పుడు 43 ఏళ్లు, ఆమెకూ ఇవే బాధలు. ఆమె సంగతేమిటి?

జవాబు: ఆ క్రీము డబ్బా మూత తీయకండి. హార్మోన్లు మీకు సరిపడవని ఈ మాట చెప్పడం లేదు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే హార్మోన్ చికిత్సతో బాగా మేలు పొందగలిగిన వయసులో, స్థితిలో ఉన్నారు మీరు. అయితే ఆ డబ్బా మీ అక్క కోసం, ఆమె డాక్టరు చీటీ చూసి, ఒక మందుల దుకాణంలో కలిపి ఇచ్చినది. మీ గర్భసంచికి కావలసిన రక్షణ అందులో ఉందో లేదో దాని మీది చీటీ చెప్పదు. అదెందుకు అంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

ముందు మీ అత్తగారి మాట. ఆ తరం పడింది, నిజమే. చెప్పుకోవడానికి చోటు లేక పడింది. ఆవిర్లు మనసు బలహీనత వల్ల వచ్చేవి కావు. మెదడులో ఒంటి వేడిని కాపాడే కేంద్రం ఒకటి ఉంది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గగానే దాని ఓర్పు తగ్గిపోతుంది. ఒంటి వేడి రవ్వంత పెరిగినా పెద్ద ఉడుకు వచ్చినట్టు భావించి చర్మంలోని రక్తనాళాలను తెరిచేస్తుంది, చెమట పట్టిస్తుంది. ఇది ఆరు నెలల్లో పోతుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో ఆవిర్లు తరచుగా వచ్చేవారికి అవి ఏడేళ్లకు పైగా ఉన్నట్టు తేలింది. ఏడేళ్ల పాటు రాత్రి నిద్ర లేకుండా పొద్దున్నే బడికి వెళ్లి పాఠం చెప్పమనడం, దాన్ని ఓర్పు అని మెచ్చుకోవడం నాకు నచ్చవు. మీరు సాయం అడిగి మంచి పని చేశారు.

ఇక ‘బయోఐడెంటికల్’ అన్న మాట. దాని అర్థం ఒక్కటే: మన అండాశయాలు తయారుచేసే హార్మోన్‌కూ, మందులో ఉన్న హార్మోన్‌కూ అణువు నిర్మాణంలో తేడా లేకపోవడం. అలాంటివి ముఖ్యంగా రెండు, ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజన్లలో ముఖ్యమైన రకం), ప్రొజెస్టెరాన్. ఈ మాటకు ఇంత ఆకర్షణ ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1942లో అమెరికాలో ప్రెమారిన్ అనే మాత్ర వచ్చింది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ల మిశ్రమం అది. దశాబ్దాల పాటు లక్షలమంది వాడింది దాన్నే. దాదాపు అదే కాలంలో రస్సెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త మెక్సికో అడవుల్లో పెరిగే ఒక దుంపలోని పదార్థం నుంచి ప్రొజెస్టెరాన్ తయారుచేసే దారి కనిపెట్టారు. ఆ దుంప మన పెండలం జాతిదే. ఈనాటి ఎస్ట్రాడయోల్, ప్రొజెస్టెరాన్ మందులు చాలావరకు అలాంటి దుంపల నుంచో, సోయా నుంచో మొదలై కర్మాగారంలో అనేక మార్పులు పొంది వస్తాయి. ‘మొక్కల నుంచి తీసినవి’ అని మీ అక్క అన్నదాంట్లో నిజం ఇంతవరకే. పెండలం ఎంత తిన్నా, దాని క్రీము ఎంత రాసుకున్నా మన ఒంట్లో అది హార్మోన్‌గా మారదు. ఆ మార్పు చేసే శక్తి మన శరీరానికి లేదు.

ఒంట్లోని హార్మోన్ లాంటిదే కాబట్టి హాని ఉండదన్న మాట కూడా నిలవదు. ఇన్సులిన్ మన ఒంట్లో పుట్టేదే. మోతాదు మించి సూదిమందుగా ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది. హార్మోన్ ఏదైనా, ఎంత, ఏ దారిలో, ఎవరికి అన్నవి తేలాకే మంచీ చెడూ మాట్లాడగలం.

ఈ ఒక్క పేరు కింద రెండు వేరువేరు సరుకులు అమ్ముడుపోతున్నాయి. మొదటిది, ప్రభుత్వ నియంత్రణ సంస్థల ఆమోదంతో, ప్రతి గుళికలోనూ చెప్పిన మోతాదే ఉండేలా తయారయ్యే మందు. రెండోది, ఒక్కొక్కరికీ విడిగా అంటూ మందుల దుకాణంలోనే కలిపి ఇచ్చే క్రీములు, నాలుక కింద కరిగే బిళ్లలు, తుంటి దగ్గర చర్మం కింద అమర్చే గుళికలు. మీ అక్క వాడుతున్నది ఈ రెండో రకం. దాంట్లో మోతాదు ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ మారవచ్చు. అమెరికాలో ఆమోదిత మందుతో వచ్చే హెచ్చరికల కాగితం కూడా దీనికి ఉండదు. చర్మం కింద పెట్టిన గుళిక సంగతి మరీ కష్టం. మోతాదు ఎక్కువైందని తెలిసినా దాన్ని తేలిగ్గా బయటికి తీయలేరు, కరిగేదాకా నెలల తరబడి ఆగాలి. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2020లో ఈ కలిపి ఇచ్చే మందులన్నింటినీ సమీక్షించాయి. ఆమోదిత మందులోని ఏదైనా పదార్థం పడనివారికో, ఆ రూపంలో మందు వాడలేనివారికో మాత్రమే వీటిని పరిమితం చేయాలని చెప్పాయి.

మీరు సంతోషించవలసిన విషయం ఒకటి చెబుతాను. బయోఐడెంటికల్ హార్మోన్ల కోసం న్యూజెర్సీ దాకా చూడవలసిన పని లేదు. ఎస్ట్రాడయోల్ జెల్ మన దేశంలో దొరుకుతుంది. ఎస్ట్రాడయోల్ వాలరేట్ మాత్రలు కూడా దొరుకుతాయి, అవి ఒంట్లోకి వెళ్లాక ఎస్ట్రాడయోల్‌గానే మారతాయి. ఇక మైక్రొనైజ్డ్ (ఒంటికి పట్టేలా మెత్తని పొడిగా చేసిన) ప్రొజెస్టెరాన్ గుళికలను మీరు ఎక్కడో చూసే ఉంటారు. గర్భం నిలవడానికి కొందరు గర్భిణులకు రాసిచ్చేవి, సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇచ్చేవి అవే. అచ్చం అండాశయం తయారుచేసే ప్రొజెస్టెరానే. డాక్టరు చీటీ ఉంటే చాలు.

లాలాజల కిట్టును పక్కన పెట్టండి. నెలసరి ఆగే వయసులో హార్మోన్ల స్థాయి రోజురోజుకూ మారుతుంది. లాలాజలంలోని అంకెను పట్టుకొని మోతాదు నిర్ణయించడానికి ఆధారం లేదు. 45 దాటి, ఏడాదిగా నెలసరి రాని మీకు మెనోపాజ్ అని నిర్ధారించడానికి రక్తంలో హార్మోన్ల పరీక్ష కూడా అవసరం లేదు. మీ ఆవిర్లు తగ్గాయా, నిద్ర పట్టిందా అన్నవే మోతాదుకు కొలత.

ఇప్పుడు గర్భసంచి విషయం. అన్నిటికంటే దీని మీదే నేను పట్టు పడతాను. ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది. కొన్నాళ్లకు అందులో క్యాన్సర్ పుట్టే ప్రమాదం ఉంది. 1970లలో అమెరికాలో ఈస్ట్రోజన్ మాత్రలు మాత్రమే వాడిన స్త్రీలలో గర్భసంచి పొర క్యాన్సర్ పెరగడంతో ఈ సంగతి తేటతెల్లమైంది. 1990లలో జరిగిన పెపి అనే పరీక్షలో, గర్భసంచి ఉండి మూడేళ్లు ఈస్ట్రోజన్ ఒక్కటే తీసుకున్నవారిలో పదింట ఆరుగురికి ఆ పొర అసహజంగా పెరిగింది. ప్రొజెస్టెరాన్ జత చేసినవారిలో అది దాదాపు మందు లేనివారితో సమానంగా ఉంది. కాబట్టి గర్భసంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ తప్పనిసరి, అదీ తగిన మోతాదులో. క్రీముగా రాసుకునే ప్రొజెస్టెరాన్ చర్మం గుండా చాలినంత వెళ్లదు, ఆ పొరను కాపాడుతుందని నమ్మడానికి వీల్లేదు. మీ అక్క పంపిన డబ్బాను వద్దంటున్నది ముఖ్యంగా ఇందుకే. మీ అక్కకు గర్భసంచి ఉంటే, ఆమె ప్రొజెస్టెరాన్‌ను క్రీముగానే వాడుతుంటే, తన డాక్టరుతో మాట్లాడి పొర మందం స్కాన్ చేయించుకొమ్మని మీరే ఫోనులో చెప్పండి.

రొమ్ము క్యాన్సర్ భయానికి మూలం 2002 జూలై. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరీక్షలో 16,608 మంది పాల్గొన్న ఒక భాగాన్ని అప్పుడు మధ్యలోనే ఆపేశారు. ప్రపంచమంతా పత్రికలు గగ్గోలు పెట్టాయి. డాక్టర్లు రాత్రికి రాత్రి మందులు మాన్పించారు. ఆ పరీక్షలో స్త్రీల సగటు వయసు 63. వాళ్లకు ఇచ్చినవి ఆ గుర్రపు మూత్రపు ఈస్ట్రోజన్, మెడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ అనే కృత్రిమ హార్మోన్. పదివేల మంది ఏడాది పాటు వాడితే అదనంగా 8 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. గర్భసంచి లేక ఈస్ట్రోజన్ ఒక్కటే తీసుకున్నవారి భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఆ 8 మందిని నేను తక్కువ చేయను, అందులో ఒకరు మీరో నేనో కావచ్చు. కానీ మీకు ‘హార్మోన్లంటే క్యాన్సర్’ అని చెప్పిన డాక్టరు ఈ అంకె చెప్పి ఉంటే మీరే తూచుకునేవారు. ఫ్రాన్స్‌లో పెద్ద సంఖ్యలో స్త్రీలను గమనించిన అధ్యయనంలో, కృత్రిమ రకాలతో పోలిస్తే మైక్రొనైజ్డ్ ప్రొజెస్టెరాన్ వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ ముప్పు తక్కువగా కనిపించింది. వాడే ఏళ్లు పెరిగేకొద్దీ ఆ ముప్పు కొంత పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీది గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు హెచ్చరికలను తీసివేయించాలని నిర్ణయించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడడంపై ఉన్న హెచ్చరికను మాత్రం అలాగే ఉంచింది.

పిన్నికి 70 ఏళ్ల వయసులో వచ్చిన జబ్బు మీకు హార్మోన్ తలుపు మూసేయదు. అమ్మకో, అక్కచెల్లెళ్లకో, అందులోనూ చిన్న వయసులో వచ్చి ఉంటే ఇంకా లోతుగా ఆలోచించవలసి వచ్చేది. డాక్టరుకు మాత్రం తప్పకుండా చెప్పండి.

మీ బీపీ అదుపులో ఉంటే అదీ అడ్డు కాదు. అయితే నోటితో వేసుకునే ఈస్ట్రోజన్ నేరుగా కాలేయానికి వెళ్లి రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత పెంచుతుంది. చర్మం మీద రాసుకునే జెల్ ఆ దారిన వెళ్లదు. మామూలు మోతాదుల్లో జెల్ వల్ల కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. మీకు బీపీ ఉంది కాబట్టి మాత్ర కంటే జెల్ వైపే నేను మొగ్గుతాను.

మొదటిసారి స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: చివరి నెలసరి ఎప్పుడు, రోజుకు ఎన్ని ఆవిర్లు, ఎన్నిసార్లు మెలకువ, వాడుతున్న మందులు, ఇంట్లో ఎవరికి ఏ క్యాన్సర్, ఎవరికి గుండెపోటు, పక్షవాతం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం. పొడిబారడం గురించి నోటితో చెప్పడం బిడియంగా ఉంటే అదీ రాసి ఇవ్వండి. రోజూ ఇదే వినేవాళ్లం మేము, సిగ్గు పడవలసింది ఏమీ లేదు. ఆమె బీపీ చూస్తారు. షుగరు, కొలెస్టరాల్, థైరాయిడ్, మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వారానికి పాప్ పరీక్ష చేయించమంటారు. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు, గుండెదడ వస్తాయి కాబట్టి అది చూడకుండా మొదలుపెట్టకూడదు. ఈ 14 నెలల్లో ఒక్కసారైనా రక్తపు మరక కనిపించి ఉంటే దాచకండి. దాని కారణం తేలేదాకా హార్మోన్ మొదలుపెట్టరు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు వచ్చినవారికి, కాలేయ జబ్బు ముదిరి ఉన్నవారికి మామూలుగా ఈ దారి పనికిరాదు. వారికి ఆవిర్లు తగ్గించే హార్మోన్ కాని మందులు వేరే ఉన్నాయి.

అన్నీ సవ్యంగా ఉంటే సాధారణంగా ఇలా మొదలవుతుంది. ఎస్ట్రాడయోల్ జెల్ రోజుకు ఒక నొక్కు. 0.06 శాతం జెల్‌లో అది 0.75 మిల్లీగ్రాముల ఎస్ట్రాడయోల్. స్నానం చేసి తుడుచుకున్నాక భుజం నుంచి మోచేతి దాకానో, తొడ లోపలి వైపునో పలుచగా పరిచి ఆరనివ్వాలి. రొమ్ముల మీద రాయకూడదు. రాసిన గంట దాకా ఆ చోటు తడపకండి, చిన్నపిల్లలను ఎత్తుకొని ఆ చర్మానికి తగలనివ్వకండి. దీనికి తోడు మైక్రొనైజ్డ్ ప్రొజెస్టెరాన్ 100 మిల్లీగ్రాముల గుళిక రోజూ రాత్రి పడుకోబోయే ముందు. దానికి మత్తు గుణం ఉంది, పగలు వేసుకుంటే తరగతి గదిలో తూలుతారు. రాత్రి వేసుకుంటే అదే మీకు నిద్రపరంగా కలిసి వస్తుంది. కొన్ని కంపెనీల గుళికల్లో వేరుశనగ నూనె ఉంటుంది. పల్లీలు పడనివారు పెట్టె మీద చదివి చూసుకోవాలి. మీకు ఏడాది దాటింది కాబట్టి రెండూ రోజూ వాడవచ్చు. నెలసరి ఇంకా అడపాదడపా వస్తున్నవారికి ప్రొజెస్టెరాన్ మోతాదు, రోజుల లెక్క వేరు. పైగా వారికి గర్భం వచ్చే అవకాశమూ ఉంటుంది, ఈ మందులు దాన్ని ఆపవు. ఇవన్నీ మీరు డాక్టరుతో మాట్లాడడానికి చెబుతున్నాను, దుకాణంలో మీరే కొనుక్కోవడానికి కాదు.

రెండు మూడు వారాల్లో ఆవిర్లు పలచబడతాయి. పూర్తి ఫలితానికి మూడు నెలలు ఆగాలి. మొదట్లో రొమ్ములు సలుపుతాయి, కొంచెం మరక కనిపించవచ్చు. ఆరు నెలలు దాటాక కూడా కనిపించినా, ఎప్పుడైనా ఎక్కువగా పోయినా స్కానింగ్‌లో పొర మందం చూడాలి. మూడు నెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి డాక్టరును కలిసి మోతాదు సరిచూసుకోండి. ఇన్నేళ్లే వాడాలన్న గడువు ఏమీ లేదు. ప్రతి ఏడూ అవసరం ఉందా అని తిరిగి చూసుకోవడమే పద్ధతి. 60 ఏళ్ల లోపు, నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టినవారికి మేలు ఎక్కువ, కీడు తక్కువ. ఎముకలకు కూడా ఈ మందులు మంచి రక్షణ. ముఖంలో ముడతలు పోవడానికీ, వయసు వెనక్కి మళ్లడానికీ అంటూ ఎవరైనా వీటిని అమ్మజూపితే అక్కడి నుంచి లేచి రండి.

యోని పొడిబారడానికి విడిగా తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము ఉంది. అక్కడే పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. రెండు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండుసార్లు వాడితే సరిపోతుంది. జెల్ ఒక్కదానితో ఈ బాధ పూర్తిగా తీరకపోతే ఇది కూడా అడగండి.

ఇక మీ ఆడపడుచు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆమె గురించిన రెండు వాక్యాలే. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు ముగ్గురు. తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. తెల్లబట్టకూ, నడుంనొప్పికీ కూడా ముప్పై దాటీ దాటకముందే గర్భసంచి పోగొట్టుకున్న స్త్రీలను నేను ఏళ్లుగా చూస్తున్నాను. ‘పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకు’ అన్న మాటతో పాటు అండాశయాలు కూడా తీసేసిన సందర్భాలు ఎన్నో. అండాశయాలు పోయిన మర్నాటి నుంచే ఆ స్త్రీకి మెనోపాజ్. గర్భసంచి మాత్రమే తీసినా, కొందరిలో అండాశయాలు మామూలు కంటే కొన్నేళ్లు ముందే అలిసిపోతాయి.

36వ ఏట రెండు అండాశయాలూ తీసేసి ఉంటే, మీ ఆడపడుచుకు హార్మోన్లు సుఖం కోసం వాడేవి కావు. మామూలుగా ఇంకో పదేళ్లకు పైగా ఆమె ఒంట్లో ఉండవలసినవి. అవి లేకపోతే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. 63 ఏళ్ల వారి మీద జరిగిన పరీక్షలోని భయాలు ఆమె వయసుకు వర్తించవు. పైన చెప్పిన అడ్డంకులేవీ లేకపోతే కనీసం 50 ఏళ్ల దాకా వాడాలన్నది ప్రపంచమంతటా వైద్యులు ఒప్పుకున్న మాట. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ప్రొజెస్టెరాన్ అవసరం ఉండదు, ఎస్ట్రాడయోల్ ఒక్కటే చాలు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట కూడా పెరిగే జబ్బు) కోసం ఆపరేషన్ జరిగి ఉంటే మాత్రం డాక్టరు వేరుగా ఆలోచిస్తారు. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ కూడా ఆమెకు ఒకసారి చేయించండి.

ఆమె ఆపరేషన్ అయిన ఆసుపత్రి డిశ్చార్జి కాగితం వెతికించండి. అండాశయాలు తీశారా ఉంచారా అన్నది అందులో రాసి ఉంటుంది. చాలామంది స్త్రీలకు తమ ఒంట్లోంచి ఏమేం తీశారో ఎవరూ చెప్పలేదు. కాగితం దొరకకపోతే స్కానింగ్ చేసి చూడవచ్చు, ఈ వయసులో హార్మోన్ల రక్తపరీక్ష కూడా ఆమెకు పనికొస్తుంది. మీరు డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున ఆమెను కూడా వెంట తీసుకువెళ్లండి.